తూకం అంకెలకు ఆగిపోయిన యూ-బూట్: జిన్నింగ్ మిల్లు కాంటా దగ్గర ఒక కేస్ స్టడీ

పత్తి సీజన్‌లో వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో కాంటా ఆగితే అంతా ఆగినట్టే. నర్సంపేట, పరకాల, జమ్మికుంట వైపు మిల్లుల గేట్ల ముందు ట్రాక్టర్లు, బొలెరోలు, డీసీఎంలు వరుస కడతాయి. బండి లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి కాంటా ఎక్కితేనే రైతు చేతికి తూకం చీటీ వస్తుంది. ఆ కాంటా రూముల్లో మేము ఒక చిన్న గేట్‌వే పెట్టె బిగిస్తాం. వే బ్రిడ్జి ఇండికేటర్ (బరువు అంకెలు చూపించే మీటరు) పంపే బరువును సీరియల్ వైరు మీద తీసుకుని 4జీ ద్వారా మిల్లు సర్వర్‌కు చేర్చడం దాని పని.

ఫిర్యాదు ఒక్కటే. కరెంటు పోయి వచ్చాక పెట్టె లేవడం లేదు. అన్ని చోట్లా కాదు, అన్నిసార్లూ కాదు. కొన్ని మిల్లుల్లో ఈ మాటే ఎప్పుడూ వినపడలేదు. కొన్నింట్లో కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడల్లా ఫోన్ వస్తుంది. ఇన్వర్టర్ లాగినంతసేపు ఏమీ కాదు, అది కూడా దిగిపోయాకే గొడవ. పవర్ లైటు వెలుగుతుంది కానీ హార్ట్‌బీట్ లైటు కొట్టుకోదు. అంటే బోర్డుకు కరెంటు అందుతోంది, లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మాత్రం మొదలే కాలేదు.

ముందు అందరి అనుమానం ఈఎంఎంసీ (బోర్డు మీది స్టోరేజీ చిప్) మీదికే పోయింది. కరెంటు హఠాత్తుగా పోతే ఫైల్ సిస్టమ్ పాడవడం మామూలే. రెండో అనుమానం అడాప్టర్: కరెంటు వచ్చిన మొదటి క్షణాల్లో వోల్టేజి ఊగితే ప్రాసెసర్ సగంలో ఇరుక్కుపోవచ్చు. రెండింటికీ ఆధారం దొరకలేదు. పాడైందనుకుని ఆఫీసుకు తెచ్చిన పెట్టె టేబుల్ మీద పెడితే లక్షణంగా లేచేది. అసలు దారి చూపించింది ఒక మిల్లు కాంటా ఆపరేటర్. "ఏం లేదు సార్, ఆ కాంటా కేబుల్ పీకి, స్విచ్ ఆపేసి ఏసి, మళ్ల కేబుల్ పెడితె వస్తది" అన్నాడు. అతను తన మానాన ఆ చిట్కాతోనే నెట్టుకొస్తున్నాడు. కేబుల్ లేకపోతే లేస్తోంది, ఉంటే లేవడం లేదు అంటే తప్పు ఈఎంఎంసీలో లేదు, ఆ వైరు మీద వస్తున్నదాంట్లో ఉంది.

ఇక్కడ బోర్డు గురించి కొంత చెప్పాలి. ప్రాసెసర్ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఏఎం335ఎక్స్. బూట్‌లోడర్, అంటే పవర్ రాగానే ముందు నడిచి లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్, యూ-బూట్. దాని మీద లినక్స్. బయటికి తీసిన ఆర్ఎస్-232 (సీరియల్) పోర్టు ఒక్కటే. వోల్టేజి స్థాయి మార్చే మ్యాక్స్3232 చిప్ గుండా అది వెళ్లేది ప్రాసెసర్‌లోని సీరియల్ యూనిట్ యూఆర్ట్ 0కి, అంటే బూట్‌లోడర్ కన్సోల్ (మెసేజీలు చూపించి, కమాండ్లు తీసుకునే చోటు) ఉన్న పోర్టుకే. డెవలప్‌మెంట్‌లో అది కన్సోల్. మిల్లులో లినక్స్ లేచాక మా ప్రోగ్రామ్ అదే పోర్టును 9600 బాడ్‌కు (సెకనుకు 9600 బిట్ల వేగం) మార్చుకుని బరువు చదువుతుంది. ఖర్చు తగ్గించాలంటే పెట్టెలు చేసేవాళ్లు తరచుగా ఎంచుకునే దారే ఇది. లినక్స్ నడుస్తున్నంతసేపు ఏ ఇబ్బందీ కనిపించదు. ఇబ్బందంతా లినక్స్ లేవడానికి ముందు గడిచే ఆ రెండు మూడు సెకన్లలో ఉంది.

దాన్ని కళ్లతో చూడటం అనుకున్నంత సులువు కాలేదు. కన్సోల్‌లో ఏముందో చూడాలంటే ల్యాప్‌టాప్ తగిలించాలి. ల్యాప్‌టాప్ తగిలించాలంటే ఇండికేటర్ కేబుల్ తీయాలి. అది తీస్తే జబ్బే మాయం. అందుకని వైరును చీల్చాం. ఇండికేటర్ పంపే వైరును బోర్డు 2వ పిన్నుకు అలాగే ఉంచి, బోర్డు పంపే 3వ పిన్ను నుంచి ఒక తీగను ల్యాప్‌టాప్ 2వ పిన్నుకు, 5వ పిన్ను గ్రౌండ్‌ను గ్రౌండ్‌కు కలిపాం. ల్యాప్‌టాప్ వింటుంది తప్ప ఒక్క అక్షరం కూడా పంపలేదు. ఇలాంటి కేసులో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మామూలు సీరియల్ కేబుల్ తగిలిస్తే పరీక్షించే మనమే పరీక్షలో వేలు పెట్టినట్టవుతుంది.

అప్పుడు స్క్రీన్ మీద కథంతా కనిపించింది. ఎస్‌పీఎల్ (యూ-బూట్ మొదటి అంచె) లైన్లు, యూ-బూట్ వెర్షన్, డీర్యామ్ సైజు, తర్వాత "హిట్ ఎనీ కీ టు స్టాప్ ఆటోబూట్" అన్న లైను, అంటే ఏ కీ నొక్కినా లినక్స్‌ను తనంతట తాను లేపడం ఆపేస్తానని. పక్కన సెకన్ల లెక్క 2 అంకె పడీ పడకముందే 0 అయిపోయింది, కింద => ప్రాంప్ట్ (కమాండ్ కోసం ఎదురుచూసే గుర్తు) వచ్చి నిలబడింది. ఎవరూ కీ నొక్కలేదు. అంతకుమించి చెత్త అక్షరాలు లేవు, ఎర్రర్ మెసేజ్ లేదు. ప్రాంప్ట్ అలా ఊరికే కూర్చుని ఉంది.

ఆ ఊరికే కూర్చోవడమే మమ్మల్ని కాసేపు తికమకపెట్టింది. ఇండికేటర్ పంపేది 9600లో, యూ-బూట్ వినేది 115200లో. అక్షరాలు అర్థం కావు కదా, మరి దేనికి ఆగింది? లెక్క వేస్తే తేలిపోయింది. 9600 బాడ్‌లో ఒక్క బిట్ వ్యవధి సుమారు 104 మైక్రోసెకన్లు. 115200లో స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, స్టాప్ బిట్ అన్నీ కలిపిన పూర్తి అక్షరానికే పట్టేది సుమారు 87 మైక్రోసెకన్లు. అంటే ఇండికేటర్ పంపే ఒక్క స్టార్ట్ బిట్టే యూ-బూట్ వైపు యూఆర్ట్‌కు ఒక పూర్తి అక్షరం కంటే పొడుగ్గా కనిపిస్తుంది. లైను అంతసేపు కిందికి పడి ఉంటే యూఆర్ట్ దాన్ని బ్రేక్ (మామూలు అక్షరం కాని సంకేతం)గా లెక్కించి, ఒక సున్నా బైటును ఫిఫోలో (వచ్చిన బైట్లు వరుసలో ఆగే చిన్న నిల్వ) పడేస్తుంది. ఇక ఆటోబూట్ కోడ్ ఏం వచ్చిందని చూడదు, ఏదైనా వచ్చిందా అని మాత్రమే చూస్తుంది. సున్నా బైటు వచ్చినా దానికి కీ నొక్కినట్టే. ప్రాంప్ట్ చేరాక లైన్ చదివే కోడ్ ఆ సున్నాలను పట్టించుకోదు. అందుకే తెర మీద చెత్త పడలేదు.

కాబట్టి బాడ్ రేట్ వేరుగా పెట్టుకుంటే చాలులే అన్న ధీమా పనికిరాదు. రేటు కలిస్తే పరిస్థితి ఇంకా అధ్వానం. కన్సోల్‌ను కూడా 9600లోనే పెట్టిన పాత బోర్డు ఒకదాన్ని ఇండికేటర్‌కు కలిపి చూస్తే, ప్రాంప్ట్ దగ్గర బరువు అంకెలనే కమాండ్లుగా తీసుకుని "అన్‌నోన్ కమాండ్" అంటూ వరసగా తిప్పికొడుతోంది. దానికి తోడు చాలా ఇండికేటర్లు ప్రతి తూకాన్నీ ఎస్‌టీఎక్స్ అనే మొదలు గుర్తుతో మొదలుపెట్టి ఈటీఎక్స్ అనే ముగింపు గుర్తుతో ముగిస్తాయి. ఈటీఎక్స్ విలువ 3. కీబోర్డు మీద, నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్-సీ విలువా అదే. అంటే ప్రతి తూకం చివర ఇండికేటర్ యూ-బూట్‌కు కంట్రోల్-సీ కొడుతున్నట్టు లెక్క!

మరి కొన్ని మిల్లుల్లోనే ఎందుకు? ఇండికేటర్ మోడ్‌లో తేడా. ప్రింట్ బటన్ నొక్కితేనే బరువు పంపేలా పెట్టిన చోట వైరు దాదాపు ఎప్పుడూ ఖాళీ, అందుకే అక్కడ సమస్య లేదు. కంటిన్యువస్ మోడ్‌లో ఉన్నవి కాంటా మీద బండి ఉన్నా లేకున్నా సెకనుకు ఎన్నోసార్లు బరువు పంపుతూనే ఉంటాయి. వీటిలో చాలావాటికి లోపల బ్యాటరీ ఉంటుంది. కరెంటు పోయినా, ఇన్వర్టర్ దిగిపోయినా ఇండికేటర్ మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది. గేట్‌వే తిరిగి కళ్లు తెరిచేసరికి వైరు నిండా తూకమే. మొదట బిగించిన రోజు ఈ గొడవ రాకపోవడానికి కారణం బిగించే వరస. పెట్టెకు పవర్ ఇచ్చి, లేచాక, చివర్లో కాంటా కేబుల్ పెట్టడం అందరికీ అలవాటు.

ఇండికేటర్‌నే ప్రింట్ మోడ్‌కు మార్చేయొచ్చు కదా అని మిల్లు వాళ్లు అడిగారు. మాకు కంటిన్యువస్ డేటా కావాలి. బరువు నిలకడకు వచ్చిందో లేదో, బండి పూర్తిగా ఎక్కిందో లేదో ఆ ప్రవాహం నుంచే తెలుస్తుంది. పైగా వే బ్రిడ్జి లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 కింద పరీక్షించి ముద్ర వేసిన పరికరం. మా బూట్‌లోడర్ ఇబ్బంది తీర్చుకోవడానికి ఆ ఇండికేటర్ సెట్టింగ్స్‌లో చెయ్యి పెట్టే ఉద్దేశం నాకు ఎప్పుడూ లేదు.

టీమ్‌లో మొదట వచ్చిన సూచన సైలెంట్ కన్సోల్. యూ-బూట్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసి, ఎన్విరాన్‌మెంట్‌లో (యూ-బూట్ దాచుకునే సెట్టింగుల జాబితా) సైలెంట్ అన్న వేరియబుల్ పెడితే తెర మీద అక్షరం పడదు. చాలామంది దీన్నే కన్సోల్ మూసేయడం అనుకుంటారు. నోరు మూసుకున్నంత మాత్రాన చెవులు మూసుకున్నట్టు కాదు. సైలెంట్ ఆపేది అవుట్‌పుట్‌ను మాత్రమే, కీ వచ్చిందా లేదా అన్న తనిఖీ అలాగే జరుగుతుంది. ఇంకో మాట, ఆటోబూట్ ఆగిన మరుక్షణం యూ-బూట్ తనంతట తానే సైలెంట్ జెండాను దించేసి ప్రాంప్ట్ చూపిస్తుంది. డెవలపర్‌కు అది సౌకర్యం. మాకు మాత్రం ఆగడం ఆగడమే, కాకపోతే ఆగేదాకా నిశ్శబ్దంగా ఉంటుంది.

తర్వాతి ఆలోచన బూట్‌డిలే, అంటే కీ కోసం ఎన్ని సెకన్లు ఎదురుచూడాలో చెప్పే వేరియబుల్. ఈ వేరియబుల్ విలువల్లో చాలామంది తడబడతారు. 0 పెడితే ఎదురుచూపు ఉండదు కానీ, అప్పటికే ఫిఫోలో బైటు ఏదైనా ఉందా అని ఒకసారి చూస్తుంది. కంటిన్యువస్ ఇండికేటర్ ముందు ఆ ఒక్క చూపు చాలు, ఆగిపోతుంది. -1 పెడితే ఆటోబూట్ పూర్తిగా రద్దు, పెట్టె ఎప్పటికీ ప్రాంప్ట్ దగ్గరే. -2 పెడితే ఎదురుచూపూ లేదు, తనిఖీ కూడా లేదు, నేరుగా బూట్. -1కీ -2కీ మధ్య ఉన్నది ఒక్క అంకె. అది తప్పితే జిల్లాలో ఉన్న పెట్టెలన్నీ ఒకేసారి మొండికేస్తాయి. దూరం నుంచి ఆ విలువ మార్చేటప్పుడు నాకున్న టెన్షన్ ఆ అంకె గురించే.

-2ను తాత్కాలిక మందుగా వాడాం. అందులో ఒక సౌకర్యం ఉంది: బూట్‌లోడర్ మార్చకుండానే లినక్స్ నుంచి ఎఫ్‌డబ్ల్యూ-సెట్‌ఎన్వ్ టూల్‌తో ఎన్విరాన్‌మెంట్‌లో ఆ విలువ రాసేయొచ్చు. అయితే ముందు ఎఫ్‌డబ్ల్యూ-ప్రింట్‌ఎన్వ్ చూపించేది, యూ-బూట్ ప్రాంప్ట్‌లో ప్రింట్‌ఎన్వ్ చూపించేది ఒకటేనా అని చూసుకోవాలి. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆఫ్‌సెట్ (ఎన్విరాన్‌మెంట్ ఉన్న చోటు) తప్పుంటే టూల్ ఈఎంఎంసీలో ఇంకెక్కడో రాసేస్తుంది. మైనస్ గుర్తును టూల్ ఆప్షన్‌గా పొరబడే వీలుంది కాబట్టి విలువను నేరుగా కమాండ్ లైన్‌లో కాకుండా స్క్రిప్ట్ ఫైల్ ద్వారా ఇచ్చాం.

దాన్నే శాశ్వతంగా ఉంచకపోవడానికి కారణం సర్వీసు. -2 ఉన్న పెట్టెలో లినక్స్ ఎప్పుడైనా పాడైతే కన్సోల్ నుంచి ఆపే దారి ఉండదు. పెట్టె విప్పాలి, ఎస్‌డీ కార్డు నుంచి బూట్ చేయాలి. సీజన్ మధ్యలో, దుమ్ము, దూది పింజలు ఎగిరే కాంటా రూములో ఆ పని ఎవరికీ చెప్పబుద్ధి కాదు.

చివరికి స్థిరపడ్డది కీడ్ ఆటోబూట్ మీద. ఈ ఆప్షన్ ఆన్ చేస్తే ఏదో ఒక కీకి యూ-బూట్ ఆగదు, మనం నిర్ణయించిన అక్షరాల వరస అదే క్రమంలో వస్తేనే ఆగుతుంది. వస్తున్న అక్షరాల్లో చివరివాటిని దాచుకుంటూ, ప్రతిసారీ స్టాప్ మాటతో పోల్చి చూస్తుంది. సున్నాల వాన కురిసినా, తూకాలు ఏకధాటిగా వచ్చినా ఆ మాట ఏర్పడదు. అయితే మాట ఎంపికలో జాగ్రత్త ఉండాలి. అంకెలు, ప్లస్, మైనస్, చుక్క, ఖాళీ, కేజీ అన్న అక్షరాలు, ఇవన్నీ ఇండికేటర్ పంపేవే. వీటిలో ఏదీ లేని అక్షరాలతో మాట కుదుర్చుకున్నాం. స్టాప్ మాటను మామూలుగా పెడితే అది బూట్‌లోడర్ ఇమేజ్‌లో పచ్చిగా కనిపిస్తుంది. ఎవరైనా ఇమేజ్ తీసి చూస్తే చదివేయొచ్చు. అది అడ్డం అనుకునేవాళ్లకు ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్‌తో (మాట నుంచి లెక్కగట్టిన, తిరిగి మాటగా మార్చలేని ముద్ర) పోల్చే ఆప్షన్ ఉంది. మాది దొంగల సమస్య కాదు, వాగుడు ఆపని ఇండికేటర్ సమస్య, కాబట్టి సాదా మాటే సరిపోయింది.

కీడ్ ఆటోబూట్‌తో అడక్కుండానే ఇంకో లాభం వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే, లినక్స్‌ను లోడ్ చేసే బూట్ కమాండ్ నడుస్తున్నంతసేపు కంట్రోల్-సీ కూడా పనిచేయదు, విడిగా అనుమతిస్తే తప్ప. అంటే ఈటీఎక్స్ వచ్చి కెర్నెల్ (లినక్స్ అసలు భాగం) లోడింగ్ మధ్యలో తుంచేసే ప్రమాదం తీరింది.

ఇక్కడ ఇంకో కంత ఉంది. బూట్ కమాండ్ ఏ కారణంతోనైనా విఫలమై వెనక్కి వస్తే, యూ-బూట్ స్టాప్ మాట అడగకుండా నేరుగా ప్రాంప్ట్‌కు పడుతుంది. -2 పెట్టినా అంతే. అప్పుడు ఇండికేటర్‌కు తలుపు బార్లా తెరిచినట్టే. బూట్ రీట్రై అనే టైమర్ ఆప్షన్ ఉంది కానీ అది ప్రాంప్ట్ దగ్గర ఎవరూ ఏమీ కొట్టకుండా ఉంటేనే నమ్మదగ్గది. మా వైరు మీద నిశ్శబ్దమన్నదే లేదు. అందుకని బూట్ కమాండ్‌నే మూడు అంచెలుగా రాశాం: ముందు మొదటి పార్టిషన్‌లోని కెర్నెల్, అది కాకపోతే రెండో పార్టిషన్, అదీ కాకపోతే రీసెట్. ఏ దారిలో వెళ్లినా ప్రాంప్ట్ చివరి మజిలీ కాకూడదు.

కొత్త యూ-బూట్ సైట్లకు పంపేటప్పుడు అసలు తలనొప్పి ఎన్విరాన్‌మెంట్‌తో వచ్చింది. కంపైల్ చేసినప్పుడు ఇచ్చిన బూట్‌డిలే విలువ కంటే ఈఎంఎంసీలో సేవ్ అయి ఉన్న విలువదే పైచేయి. తాత్కాలికంగా మనమే రాసిన -2 అక్కడ ఉంటే, కీడ్ ఆటోబూట్ కోడ్ దాకా వ్యవహారం రానే రాదు, స్టాప్ మాట అడిగే అవకాశమే ఉండదు. పెట్టె చక్కగా బూట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సర్వీసు అవసరం పడ్డ రోజే తెలుస్తుంది. కాబట్టి వరస ఇలా పెట్టుకున్నాం: ముందు కొత్త బూట్‌లోడర్, అది లేచిందని నిర్ధారించుకున్నాక బూట్‌డిలే 2. తిరగేసి చేస్తే మధ్యలో కరెంటు పోయినప్పుడు పాత జబ్బు తిరగబెడుతుంది. ఎన్విరాన్‌మెంట్ సీఆర్‌సీ (డేటా సరిగా ఉందో చూసే తనిఖీ సంఖ్య) చెడితే యూ-బూట్ కంపైల్ చేసిన డిఫాల్ట్‌కు వెళ్తుంది గనుక ఆ డిఫాల్ట్‌లో కూడా ఇవే విలువలు, ఇదే బూట్ కమాండ్ ఉంచాం.

సైలెంట్‌ను పూర్తిగా వదిలేయలేదు. బోర్డు పంపే బూట్ మెసేజీలు ఇండికేటర్ చెవిలో పడటం కూడా మంచిది కాదు. కొన్ని ఇండికేటర్లు జీరో, టేర్, ప్రింట్ లాంటి పనులకు ఒక్కో అక్షరాన్ని కమాండ్‌గా తీసుకుంటాయి. బాడ్ రేట్ కలవని గందరగోళంలో ఏ అక్షరం ఏర్పడుతుందో చెప్పలేం. రైతు బండి కాంటా మీద ఉండగా టేర్ (ఉన్న బరువును సున్నాగా లెక్కించడం) పడితే ఎవరు జవాబు చెప్పాలి? దీనికి సాఫ్ట్‌వేర్ కంటే వైరే గట్టి మందు. మేము ఇండికేటర్‌కు ఏమీ పంపనవసరం లేదు కాబట్టి కేబుల్‌లో బోర్డు పంపే తీగను కలపడమే మానేశాం. సైలెంట్ రెండో కాపలా. అయితే సైలెంట్ పెడితే యూ-బూట్ కెర్నెల్‌కిచ్చే బూట్ఆర్గ్స్‌లో కన్సోల్ విలువను కూడా ఖాళీ చేసేస్తుంది. యూ-బూట్ వరకే నిశ్శబ్దం కావాలంటే దానికి వేరే ఆప్షన్ ఉంది. మాకు కెర్నెల్ కూడా మౌనంగా ఉండటమే కావాలి, కాబట్టి అది కలిసొచ్చింది.

లినక్స్ వైపు పని తక్కువే. ఆ పోర్టు మీద గెట్టీ (లాగిన్ అడిగే ప్రోగ్రామ్) తీసేశాం, లేకపోతే తూకాలను లాగిన్ పేర్లుగా అడుగుతూ కూర్చుంటుంది. సీరియల్ మీద మ్యాజిక్ సిస్‌రిక్ కూడా ఆపేశాం. కన్సోల్ పోర్టు మీద బ్రేక్ వచ్చి, ఆ తర్వాత ఐదు సెకన్లలోపు ఒక అక్షరం వస్తే కెర్నెల్ దాన్ని ఆజ్ఞగా తీసుకుంటుంది. అంకె అయితే లాగ్ స్థాయి మారుతుంది, బీ అక్షరం అయితే మెషీనే రీబూట్. బ్రేకులు కురిసే వైరు మీద అలాంటి తలుపు ఉంచడం తెలివైన పని కాదు.

పరీక్షకు టేబుల్ మీద ఒక పాత ల్యాప్‌టాప్‌ను ఇండికేటర్‌లా మార్చాం. ఒక స్క్రిప్ట్ 2400, 9600, 115200 రేట్లలో తూకాలు పంపుతూ ఉంటుంది, మధ్యమధ్య ఊరికే యాదృచ్ఛిక బైట్లు. ఇంకో పక్క రిలే ఒకటి బోర్డు పవర్‌ను రాత్రంతా తీసి వేస్తూ ఉంటుంది. లినక్స్ లేచిన ప్రతిసారీ సర్వర్‌కు ఒక లైను పంపాలి. పొద్దున రిలే లెక్క, సర్వర్ లెక్క సరిపోవాలి. పాత బూట్‌లోడర్‌తో మొదటిసారి పవర్ తీసి వేయగానే తేడా తేలిపోయింది. కొత్తదానితో రెండు లెక్కలూ కలిశాయి. ఆ తర్వాత కావాలని మొదటి కెర్నెల్ ఫైలు చెరిపి, ఎన్విరాన్‌మెంట్‌లో బైట్లు చెడగొట్టి, మళ్లీ అదే పరీక్ష పెట్టాం. పైన చెప్పిన డిఫాల్ట్ విలువల జాగ్రత్త ఎందుకో ఈ దశలోనే అందరికీ బాగా అర్థమైంది.

స్టాప్ మాట కొట్టడానికి రెండు సెకన్లు చేత్తో కష్టమే. సర్వీసు కుర్రాళ్ల టెర్మినల్‌లో దాన్ని ఒక మ్యాక్రో కీకి కట్టాం. కీ నొక్కి పట్టుకుని పెట్టెకు పవర్ ఇస్తే చాలు. సర్వీసు కేబుల్‌లో బోర్డు పంపే తీగ ఉంటుంది, కాంటా కేబుల్‌లో ఉండదు. తారుమారు కాకుండా రెండింటికీ వేర్వేరు రంగు హుడ్‌లు పెట్టాం. కొత్తగా చేయించే బోర్డుల్లో కన్సోల్‌ను లోపలి హెడర్ మీద వేరే యూఆర్ట్‌కు మారుస్తున్నాం, దాని రిసీవ్ లైనుకు పుల్-అప్ రెసిస్టర్‌తో సహా. ఏమీ తగిలించని రిసీవ్ లైను గాలిలో తేలుతూ ఉంటే మోటార్ల రొదకు కూడా బైట్లు పుడతాయి, జిన్నింగ్ మిల్లులో మోటార్లకు కొదవ లేదు. కీడ్ ఆటోబూట్ మాత్రం వాటిలోనూ అలాగే ఉంటుంది.